మెడ మీద బిళ్ళకు ఆపరేషన్ కంటే ముందు: ధమని కీమో, రేడియేషన్ రోజులు దాటించుకోవడం ఎలా

మా బాబాయి మెడ మీద బిళ్ళ మొదట మంగలి వేలికి తగిలింది. ఉగాది ముందు రోజు గడ్డం గీస్తూ, ఎడమ దవడ కింద కత్తి ఆపి, ‘ఇక్కడేదో గట్టిగా ఉందండి’ అన్నాడు. బాబాయి నవ్వేసి ఊరుకున్నాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ‘బిళ్ళ కట్టింది, పన్ను వాపు’ అని రెండు నెలలు మాత్రలు మార్చి మార్చి ఇచ్చాడు. వైశాఖం వెళ్ళేసరికి అది నిమ్మకాయంత అయింది. నాలుక పక్కన, విరిగిన పన్ను ఒరుసుకునే చోట ఉన్న పుండు నోరు తెరిపించి టార్చి వేసేదాకా ఎవరికీ కనపడలేదు. అసలు క్యాన్సర్ ఆ పుండే, మెడ మీద బిళ్ళ దాని నుంచి పాకింది. ముప్పై ఏళ్ళుగా చుట్ట కాలుస్తున్న మనిషి నోట్లో ఎవరూ చూడకపోవడం మా ఇంటిల్లిపాది తప్పే.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆయన వెంట తిరిగింది నేను. అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండునని అనిపించినవన్నీ జరిగే వరసలోనే రాస్తున్నాను. మందు మోతాదులు డాక్టరు చూసుకుంటారు. రోజుకు ఇరవై నిమిషాలు మిషను కింద పోను మిగతా ఇరవై మూడు గంటల నలభై నిమిషాలు మనిషిని చూసుకోవాల్సింది ఇంటివాళ్ళు.

1. బిళ్ళను గుర్తుపట్టడం

జలుబుకో పంటి నొప్పికో కట్టే బిళ్ళ నొక్కితే నొప్పి పుడుతుంది, మెత్తగా కదులుతుంది, రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. గట్టిగా గులకరాయిలా ఉండి, నొప్పి లేకుండా, మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఆగకండి. నొప్పి లేదు కదా అని నిమ్మళించడమే మనవాళ్ళు చేసే మొదటి పొరపాటు. పసరు కట్లు, వేడి ఇసుక కాపడాలు వద్దు. ముఖ్యంగా ఎవరైనా ‘చిన్న గాటు పెట్టి చీము తీసేస్తాను’ అంటే ఆ గుమ్మం దిగి వచ్చేయండి. మెడ మీద బిళ్ళను తెలియకుండా కోస్తే, తర్వాత చేయబోయే పెద్ద ఆపరేషన్‌కు దారి చెడిపోతుంది.

ముందు చేయాల్సింది సన్న సూదితో బిళ్ళలో నుంచి కణాలు తీసి చూసే పరీక్ష. ల్యాబుల్లో దీన్ని ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు. నోట్లో పుండు ఉంటే దాని నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. మన దేశంలో క్షయ వల్ల కూడా మెడ మీద బిళ్ళలు కడతాయి కాబట్టి ఆ అనుమానం తప్పు కాదు. కానీ సూది పరీక్ష లేకుండా ఊహ మీద ఆరు నెలల క్షయ మందులు మొదలుపెడితే, అది క్యాన్సరైన పక్షంలో ఆ ఆరు నెలలూ దానికి దానం చేసినట్టే.

క్యాన్సరని తేలాక మెడకు సీటీ గాని ఎమ్మారై గాని తీస్తారు. బిళ్ళ 3 సెంటీమీటర్ల లోపా, 3 నుంచి 6 మధ్యనా, 6 దాటిందా, రెండు వైపులా ఉందా, పై పొర చీల్చుకుని పక్క కండలోకి పాకిందా అన్న వాటి మీదే తర్వాతి దారి అంతా ఆధారపడుతుంది. రిపోర్టులో ఈ అంకెల కింద పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకోండి. ప్రతి డాక్టరూ అడిగేది అవే.

2. ఏ వైద్యం, ఎందుకని అడగడం

నోటి క్యాన్సర్‌లో మామూలు పద్ధతి ముందు ఆపరేషన్. నోట్లో గడ్డతో పాటు మెడలో బిళ్ళలున్న కొవ్వు పొరను కూడా శుభ్రంగా తీసేసి, అవసరాన్ని బట్టి తర్వాత రేడియేషన్ పెడతారు. మెడను మొదట్లోనే శుభ్రం చేయడం ఎంత ముఖ్యమో ముంబయి టాటా ఆసుపత్రి వాళ్ళు 2015లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. తొలిదశ నోటి క్యాన్సర్‌లో, మెడలో ఇంకా ఏమీ తెలియక ముందే ఆ బిళ్ళలు తీసేసిన వాళ్ళలో మూడేళ్ళకు 80 శాతం మంది బతికి ఉంటే, బిళ్ళ కనిపించాక తీద్దామని ఆగిన వాళ్ళలో 67.5 శాతమే ఉన్నారు. అందుకని కోయగలిగిన దాన్ని ‘ముందు కీమో చూద్దాం’ అని ఎవరైనా ఆపితే, ఎందుకో గట్టిగా అడగండి.

మరి ఆపరేషన్‌కు ముందే కీమో, రేడియేషన్ ఎప్పుడు? బిళ్ళ పెద్దదై మెడలోని పెద్ద రక్తనాళానికో, చర్మానికో అంటుకుపోయినప్పుడు, ఇప్పుడు కోస్తే అంచుల్లో క్యాన్సర్ మిగిలిపోతుందని సర్జన్‌కు అనిపించినప్పుడు, ముందు కుదించి తర్వాత కోద్దాం అంటారు. బాబాయిది ఆ కోవే.

ఇక ధమని సంగతి. మామూలు కీమో చేతి నరానికి ఎక్కించే సెలైన్‌లో వెళ్తుంది. ధమని కీమోలో సన్నటి గొట్టాన్ని మెడలోని ఆ గడ్డకు రక్తం తీసుకెళ్ళే నాళం దాకా పంపి, మందు నేరుగా అక్కడ వదులుతారు. డెల్టా రైతుకు దీన్ని వివరించడం సుళువు. మన చేలో ఒక మడికి తెగులు పట్టింది. మందు ధవళేశ్వరం దగ్గర పెద్ద కాలవలో పోస్తే జిల్లా అంతా పారి, మన మడికి వచ్చేది చెంచాడు. మన మడి బోదెలోనే పోస్తే చిక్కగా దానికే అందుతుంది. మడి దాటి మురుగు కాలవలోకి పోయే మందుకు విరుగుడుగా, సిస్ప్లాటిన్ అనే కీమో మందు వాడేటప్పుడు సోడియం థయోసల్ఫేట్ అనే మరో మందును చేతి నరంలోకి ఎక్కిస్తారు. కిడ్నీల మీద దెబ్బ తగ్గించడానికి అది. ఇలా చెప్పాకే బాబాయి సంతకం పెట్టాడు. అంతకు ముందు డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పినా తల ఊపాడే గాని నమ్మలేదు.

అయితే బోదె పోలిక విని మురిసిపోకండి. అమెరికాలో రాబిన్స్ అనే డాక్టరు బృందం 1990లలో ఈ పద్ధతికి రేడియేషన్ జోడించి పేరు తెచ్చింది. జపాన్‌లో కొన్ని చోట్ల చెవి ముందున్న కణత ధమనిలో నుంచి గొట్టం పెట్టి నోటి క్యాన్సర్‌కు చేస్తారు. కానీ నెదర్లాండ్స్‌లో ఆపరేషన్‌కు వీల్లేని రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ధమనిలో, ఇంకో జట్టుకు నరంలో సిస్ప్లాటిన్ ఇచ్చి చూస్తే, ధమని మందు మేలని తేలలేదు. ఆ ఫలితం 2010లో అచ్చయింది. కాబట్టి ఇది అందరికీ చేసేదీ కాదు, చేయించుకోకపోతే నష్టపోయామని బెంగపడాల్సిందీ కాదు. ఎవరైనా చేద్దామంటే ఇవి అడగండి: నరంలో ఇచ్చే కీమోతో సరిపోదా? మీరు ఇలాంటివి ఎన్ని చేశారు? గొట్టం గజ్జ దగ్గర నుంచా, కణత దగ్గర నుంచా? ఆపరేషన్ చేసే సర్జన్, రేడియేషన్ డాక్టరు ఇద్దరూ కలిసి కూర్చుని ఈ నిర్ణయం తీసుకున్నారా?

ఇంకొకటి, నా అనుభవం మీద చెబుతున్నాను. రెండూ ఒకే చోట దొరుకుతాయా అని అడగండి. మాకు ధమని మందు హైదరాబాద్‌లో, రేడియేషన్ రాజమండ్రిలో. ఒక ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో మందు మోతాదు, తేదీ సరిగా రాయలేదు. రెండో ఆసుపత్రి అది లేకుండా మొదలుపెట్టనంది. ఫోన్లు, వాట్సాప్ ఫొటోలతో ఐదు రోజులు పోయాయి. ఇప్పుడైతే డిశ్చార్జి కాగితం అక్కడే నిలబడి చదివించుకుని గాని బయటికి రాను.

3. మొదలుపెట్టే ముందు రెండు వారాలు

పళ్ళు ముందు. పుచ్చినవి, కదిలేవి రేడియేషన్‌కు కనీసం పది పద్నాలుగు రోజుల ముందే పీకించేయాలి, ఆ గాయం మానాలి. రేడియేషన్ పడిన దవడ ఎముకకు రక్తం తగ్గిపోతుంది. తర్వాత పన్ను పీకితే ఆ గాయం మానక ఎముకే చివికిపోయే ప్రమాదం ఉంది. బాబాయికి నాలుగు పళ్ళు పీకారు. ‘ఇదేం వైద్యం, రోగం నాలుక్కి, పీకుడు పళ్ళకా’ అని ఆయన విసుక్కున్నాడు.

కిడ్నీ, రక్త పరీక్షలు ఎలాగూ చేస్తారు. సిస్ప్లాటిన్ చెవుల మీద కూడా దెబ్బ తీస్తుంది కనుక వినికిడి పరీక్ష అడిగి చేయించండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే ముందే చెప్పండి, ధమనిలో వేసే ఎక్స్‌రే రంగు మందు కారణంగా దాన్ని ఆపమనవచ్చు. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా ఆ రోజుతో సరి. పొగ తాగుతుంటే రేడియేషన్ సరిగా పని చేయదు, పుళ్ళూ మానవు.

డబ్బు విషయం. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని ఎన్టీఆర్ వైద్య సేవ (మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటున్నాం) కౌంటర్లో ఆరోగ్యమిత్రను కలవండి. రేడియేషన్, మామూలు కీమో, ఆపరేషన్ ఏ ప్యాకేజీలో వస్తాయో, ధమని మందు జాబితాలో ఉందో లేదో చేరక ముందే అడగాలి. చేరాక అడిగితే బిల్లు చేతికొస్తుంది. రైల్లో క్యాన్సర్ రోగికి వైద్యానికి వెళ్ళేటప్పుడు స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్టు పూర్తిగా ఉచితం, వెంట వెళ్ళే ఒకరికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి వాళ్ళు నమూనా ఫారం నింపి సంతకం చేసి ఇవ్వాలి. మాకు ఈ సంగతి మూడో ప్రయాణానికి గాని తెలియలేదు.

4. ధమని మందు రోజు

ముందు రాత్రి నుంచి చెప్పిన గంట దాకా ఏమీ తినకూడదు. గుండె ఆసుపత్రుల్లో ఉండే క్యాథ్‌ల్యాబ్ లాంటి గదిలోనే చేస్తారు, మనిషి మెలకువగానే ఉంటాడు. రంగు మందు పోసినప్పుడు చెంపంతా సెగ తగిలినట్టుంటుంది, క్షణాల్లో పోతుంది. గజ్జలో గుచ్చితే తర్వాత కొన్ని గంటలు ఆ కాలు మడవకూడదు. పక్కన కూర్చున్నవాళ్ళ పని ఆ కట్టు వైపు చూస్తుండటం. తడిస్తే, ఉబ్బితే గట్టిగా అదిమి పట్టుకుని నర్సును కేకేయండి.

మరీ ముఖ్యంగా మూతి వంకర పోవడం, మాట ముద్దకట్టడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, కన్ను మసకబారడం, వీటిలో ఏది కనిపించినా అప్పటికప్పుడు చెప్పాలి. గొట్టం మెదడుకు వెళ్ళే నాళం పక్క నుంచే వెళ్తుంది కాబట్టి పక్షవాతం ప్రమాదం, తక్కువే అయినా, ఉంది. సంతకం పెట్టే కాగితంలో ఆ మాట ఉంటుంది, చదవండి. వాంతులకు ముందే మందులిస్తారు. తర్వాత రెండు మూడు రోజులు నీళ్ళు బాగా పట్టించండి, మూత్రం తగ్గితే ఫోను చేయండి. కొబ్బరి బొండాలు కోనసీమలో నీళ్ళకన్నా చవక, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ రిపోర్టు చూసిన డాక్టరును అడిగే ఇవ్వండి. ఒళ్ళునొప్పులకు మందుల షాపులో డైక్లోఫెనాక్ లాంటివి కొని వేయకండి. సిస్ప్లాటిన్‌తో కలిస్తే అవి కిడ్నీలను కొడతాయి.

5. కరెంటు పెట్టే వారాలు

ఊళ్ళల్లో రేడియేషన్‌ను కరెంటు పెట్టడం అంటారు. షాకు కొట్టదు, కాలదు, మిషను కింద ఏమీ తెలియదు. ముందు వేడి నీళ్ళలో మెత్తబడిన జల్లెడ లాంటి ప్లాస్టిక్కును మొహం మీద పరిచి అచ్చు తీస్తారు. రోజూ ఆ ముసుగు బిగించి బల్లకు బంధిస్తారు, తల వెంట్రుకవాసి కదలకూడదు గనుక. బాబాయి మొదటి రోజు ఊపిరాడనట్టు చెయ్యి ఊపేశాడు. టెక్నీషియన్ ముసుగు తీసి, ‘ఒకటి నుంచి వంద లెక్కపెట్టండి, అయిదుసార్లు’ అన్నాడు. అది పని చేసింది.

వారానికి ఐదు రోజులు, సోమ నుంచి శుక్ర దాకా, రోజుకు దాదాపు 2 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే లెక్క). ఆపరేషన్ ముందు రేడియేషన్ అయితే తరచుగా 40, 50 గ్రే దగ్గర ఆపుతారు, అంటే 20 నుంచి 25 పూటలు. రేడియేషనే ప్రధాన వైద్యమైతే 70 దాకా వెళ్తుంది. పూట తప్పకూడదు. మొత్తం కాలం ఒక్కో రోజు పెరిగే కొద్దీ వ్యాధిని అదుపు చేసే అవకాశం సుమారు 1 శాతం చొప్పున తగ్గుతుందని లెక్క.

అందుకే లంకల వాళ్ళకు ఒక మాట. మాది గౌతమి పాయ లోపల ఊరు. బాబాయి రేడియేషన్ ఆషాఢంలో మొదలైంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, ఇంకాస్త పెరిగితే మా కాజ్‌వే మునుగుతుంది, పడవ తప్ప దారి ఉండదు. పడవ దిగి ఆటో ఎక్కి రాజమండ్రి చేరేసరికి మిషను వేళ అయిపోతుంది. జూలై, ఆగస్టుల్లో వైద్యం పడితే రోజూ ఇంటి నుంచి తిరగొద్దు. ఆసుపత్రి దగ్గర గదో, చుట్టాల ఇల్లో చూసుకోండి. మేం మా పిన్ని అక్కగారింట్లో వీధి గదిలో ఐదు వారాలు ఉన్నాం. ఆ వరదకు మూడు రోజులు మా ఊరికి దారి లేదు, బాబాయికి ఒక్క పూటా తప్పలేదు.

రెండో వారం చివర్లో అసలు కష్టం మొదలవుతుంది. నోరు ఎర్రబడి, తెల్లటి పొరలు కట్టి, మింగితే గాజు పెంకు దిగినట్టుంటుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంటసోడా కలిపి, రెండు గంటలకోసారి పుక్కిలించాలి, రాత్రి లేచినప్పుడూ. ఆ సీసా మంచం పక్కనే ఉండాలి. మౌత్‌వాష్ కొనేటప్పుడు ఆల్కహాలు ఉన్నది వద్దు. తినడానికి అరగంట ముందు నొప్పి మందు వేయాలి. మార్ఫిన్ రాస్తే భయపడకండి. మాకు చెప్పిన అత్తయ్య లాగా ‘అలవాటైపోతుంది’ అని దాచేసి, మనిషిని ఆకలితో చంపకూడదు.

తిండి. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 1800 కేలరీలు, 70 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు పడాలి. అంత తినలేడు కాబట్టి తిన్న ప్రతి ముద్దలోనూ బలం పెట్టాలి. వట్టి గంజి వద్దు. రాగిజావలో పాలు, వేయించిన వేరుశనగ పొడి. జారుగా చేసిన ముద్దపప్పులో రెండు చెంచాల నెయ్యి. పెరుగన్నం మిక్సీలో ఒక తిప్పు. కారం వేయని కొర్రమేను ముక్క ముళ్ళు తీసి చిదిమి అన్నంలో. బాగా ఉడికించిన గుడ్డు పాలతో కలిపి. కారం, చింతపండు, ఆవకాయ మరచిపోవాల్సిందే. మా పిన్ని, అన్నీ నోట్లో కరిగేవే చూద్దామని ఆత్రేయపురం పూతరేకు తెప్పించింది. లాలాజలం ఎండిన నోట్లో అది కరగలేదు. తడి కాగితంలా అంగిలికి అతుక్కుపోయింది. బాబాయి వేలితో గీక్కుంటూ, ‘పుల్లారెడ్డి గారి బందరు లడ్డూ అయినా పెట్టండి, కనీసం రాలుద్ది’ అన్నాడు. అన్ని వారాల్లో ఇంట్లో నవ్వు వినపడ్డది ఆ రోజే.

ప్రతి సోమవారం అదే కాటా మీద బరువు చూడండి. వారానికి కిలో పైన తగ్గుతుంటే ముక్కు గొట్టం (ముక్కులోంచి కడుపులోకి తిండి పంపేది) గురించి డాక్టరే చెప్పేదాకా ఆగకుండా మీరే అడగండి. గొట్టం వేస్తే మనిషి అయిపోయాడని ఊళ్ళో అనుకుంటారు. బాబాయికి వేయడానికి మేం పది రోజులు జంకాం, ఆ పది రోజుల్లో నాలుగు కిలోలు పోయాయి. ముసుగు వదులై మళ్ళీ అచ్చు తీయాల్సి వచ్చింది. గొట్టంలో పోసేటప్పుడు తల ఎత్తుగా కూర్చోబెట్టాలి, జావ పలుచటి గుడ్డలో వడకట్టాలి, ముందూ వెనకా 50 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి కడగాలి, తర్వాత అరగంట పైనే కూర్చునే ఉండాలి.

మెడ చర్మం నల్లబడి పొట్టు లేస్తుంది. కొబ్బరి నూనె, పసుపు, గంధం ఏవీ మిషనుకు ముందు వద్దు. డాక్టరు చెప్పిన పూతే, అదీ చెప్పిన వేళకే. బ్లేడుతో గడ్డం గీయకూడదు. కాలరు చొక్కా మానేసి మెత్తటి నూలు కండువా వేయండి, ఎండ తగలనీయకండి.

జ్వరం 100.4 ఫారన్‌హీట్ చేరితే తెల్లారేదాకా ఆగొద్దు. కీమో తర్వాత తెల్ల రక్తకణాలు పడిపోయి ఉంటాయి, ఆ జ్వరం గంటల్లో మనిషిని తీసుకుపోగలదు. క్రోసిన్ వేసి పడుకోబెట్టకుండా ఆసుపత్రికే తీసుకెళ్ళండి.

6. ఆపరేషన్

చివరి పూట అయ్యాక సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగి, మళ్ళీ స్కాన్ తీసి కోస్తారు. పుళ్ళు మానాలి, మనిషి కోలుకోవాలి, అలాగని మరీ ఆలస్యమైతే కండ గట్టిపడి కోయడం కష్టమవుతుంది. ఈ గడువులో చేయాల్సింది తినిపించడం, అంతే.

బిళ్ళ కనపడకుండా పోయింది కదా, ఇక ఆపరేషన్ ఎందుకని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఈ ప్రశ్న తెలివితక్కువది కాదు. పూర్తి మోతాదు కీమో రేడియేషన్ తీసుకున్న వాళ్ళ మీద 564 మందితో బ్రిటన్‌లో చేసిన పరీక్ష 2016లో వచ్చింది. 12 వారాలకు పెట్ స్కాన్ తీసి, అందులో అనుమానం ఉన్న వాళ్ళకే మెడ ఆపరేషన్ చేసినా బతుకులో తేడా రాలేదు. కానీ అందులో ఎక్కువమందివి గొంతు వెనక భాగపు క్యాన్సర్లు, మోతాదూ పూర్తిది. ఆపరేషన్ చేస్తామనే 40, 50 గ్రే దగ్గర ఆపిన మనిషికి ఆ లెక్క పనికిరాదు. ఆ మోతాదుతో అది అణిగి ఉండొచ్చు గాని చచ్చిందని కాదు. బాబాయి బిళ్ళ చేతికి తగలనంతగా కుదించుకుపోయింది. కోసి పరీక్షకు పంపితే లోపల బతికి ఉన్న కణాలు కనిపించాయి.

7. ఆ తర్వాత

భుజానికి వెళ్ళే నరం ఈ ఆపరేషన్ దారిలోనే ఉంటుంది. దాన్ని కాపాడినా కొన్నాళ్ళు చెయ్యి పైకి లేవదు. ఫిజియోథెరపీ చెప్పినప్పటి నుంచీ మొదలుపెట్టాలి. గోడ మీద వేళ్ళు పాకించి రోజుకింత ఎత్తున పెన్సిల్ గీత గీయించాం. నోరు బిగుసుకుపోకుండా ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పళ్ళ మధ్య పెట్టి, రోజుకు ఐదారుసార్లు, వారానికో పుల్ల పెంచుతూ తెరిపించాలి. మూడు వేళ్ళు నిలువుగా పడితే ఫరవాలేదన్నమాట.

మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి చూపించాలి. మెడకు రేడియేషన్ పడ్డవాళ్ళకు థైరాయిడ్ మందగిస్తుంది, ఆరు నెలలకో ఏడాదికో టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాలి. బాబాయి ఎప్పుడూ నిద్రమత్తుగా ఉంటే ముసలితనమనుకున్నాం. రక్తం చూస్తే థైరాయిడ్.

ఇక పళ్ళు. ఎన్నేళ్ళయినా సరే, పన్ను పీకించుకోవాల్సి వస్తే ముందు రేడియేషన్ డాక్టరును అడగాలి, పంటి డాక్టరుకు ‘ఇక్కడ కరెంటు పెట్టారండి’ అని చెప్పాలి. బాబాయి మర్చిపోతాడని ఆ మాట, తేదీలు, ఎన్ని గ్రేలో ఒక కాగితం ముక్క మీద రాసి ఆయన సెల్‌ఫోను కవరు వెనక పెట్టాను.